అంబాసిడర్ కారు – దాని ఇంజన్ల చరిత్ర – నా అనుభవం



ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాయమని మన కార్యదర్శిగారు ఫోను చేసినప్పుడు "నాకు స్పానరు పట్టుకోవడం వచ్చుగాని కలం పట్టుకోవడం రాదండీ" అన్నాను. ఆయన వినలేదు. "పెన్షను గురించి, డి.ఏ. బకాయిల గురించి వ్రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు. మీరు మీ గ్యారేజి సంగతి వ్రాయండి" అన్నారు. 1968లో మన సంస్థ గ్యారేజిలో మెకానిక్కుగా చేరి 2003లో ఫోర్మనుగా రిటైరయ్యేవరకు నా చేతుల మీదుగా ఎక్కువగా వెళ్ళినది అంబాసిడర్ కారే. కనుక దాని గురించే వ్రాస్తున్నాను. మీలో చాలామంది ఆ కార్లలో క్యాంపులు తిరిగినవారే. ఎన్నోసార్లు దారిలో దిగి తోసినవారు కూడా ఉన్నారు, వారు నన్ను క్షమించాలి.

ఇది వ్రాయడానికి ఇంకొక కారణం ఉన్నది. మా ఇంట్లో ఆరు నెలలుగా ఒక చిన్న తగవు నడుస్తోంది. 1987లో కండెమ్ చేసిన బండ్ల వేలంలో నేను పాడుకున్న మార్క్ టూ అంబాసిడర్ ఒకటి మా ఇంటి పక్క షెడ్డులో ఉన్నది. దాని ఇంజను అరిగిపోయింది. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న మా మనవడు "తాతయ్యా, ఖర్చు నేను పెట్టుకుంటాను, ఇసుజు ఇంజను వేయిద్దాం" అంటాడు. నేను వద్దంటాను. ఎందుకు వద్దంటున్నానో వాడికి ఫోనులో చెప్పడం నా వల్ల కావడం లేదు. దానికి మొదటినుంచి చెప్పుకురావాలి.

హిందుస్థాన్ మోటార్స్ కంపెనీని బి.ఎం. బిర్లాగారు 1942లో స్థాపించారు. మొదట గుజరాత్ తీరాన ఓఖా రేవులో కార్ల బిగింపు పని మొదలై, 1948లో కలకత్తా దగ్గర ఉత్తరపారాకు మారింది. వాళ్ళు చేసినవన్నీ ఇంగ్లండులోని మోరిస్ కంపెనీ నమూనాలు. హిందుస్థాన్ టెన్, హిందుస్థాన్ ఫోర్టీన్, బేబీ హిందుస్థాన్, ఆ తర్వాత ల్యాండ్‌మాస్టర్. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ సిరీస్ నమూనాతో 1957లో అంబాసిడర్ మొదలైంది.

చాలామందికి తెలియని సంగతి ఒకటి ఇక్కడ చెప్పాలి. ల్యాండ్‌మాస్టర్‌కు మూలమైన ఆక్స్‌ఫర్డ్ రెండవ సిరీస్ ఇంగ్లండులో 1954లో వచ్చినప్పుడు దానికి కొత్త 1489 సి.సి. ఇంజను పెట్టారు. మన దేశంలో మాత్రం అదే బాడీలో అంతకు ముందు తరం 1476 సి.సి. సైడ్ వాల్వ్ ఇంజనే ఉంచారు. తొలి అంబాసిడర్లకు కూడా అదే. అంటే బాడీ కొత్తది, ఇంజను పాతది. ఈ కారు చరిత్ర పొడుగునా ఇదే వరస. బాడీ ఒక కాలానిది, ఇంజను ఇంకొక కాలానిది. ఈ రెండింటికీ పొత్తు కుదర్చడమే మా బోటి మెకానిక్కుల పని అయిపోయింది.

నేను చేరేనాటికి మన గ్యారేజిలో ఒక ముసలి ల్యాండ్‌మాస్టర్ ఉండేది. మా హెడ్ మెకానిక్ గారు నాకు అక్షరాభ్యాసం దానిమీదే చేయించారు. సైడ్ వాల్వ్ ఇంజనులో వాల్వులు సిలిండరు పక్కన బ్లాకులోనే ఉంటాయి. పైన హెడ్డు అంటే గిన్నె మీద మూత లాంటిదే. బోల్టులు విప్పి హెడ్డు ఎత్తి, మసి గీకి, వాల్వులకు ఎమరీ పట్టించి సాయంత్రానికి బిగించేయవచ్చు. కుర్రవాడు నేర్చుకోవడానికి అంతకంటె మంచి ఇంజను లేదు. కాని గాలి లోపలికి పోయే దారి వంకరటింకర, కంప్రెషన్ తక్కువ, అందువల్ల బలం తక్కువ. నలుగురు ఎక్కి సామాను వేస్తే చిన్న మిట్ట ఎక్కడానికి కూడా రెండో గేరు కావాలి.

1959లో అంబాసిడర్‌కు 1489 సి.సి. ఓవర్‌హెడ్ వాల్వ్ ఇంజను వచ్చింది. బి.ఎం.సి. వారి బి-సిరీస్ అంటారు. వాల్వులు హెడ్డులోకి వెళ్ళాయి. పుష్ రాడ్లు, రాకర్ ఆర్ములు వచ్చాయి, టాపెట్ల చప్పుడు కూడా వాటితోనే వచ్చింది. సిలిండరు వ్యాసం 73 మి.మీ., పిస్టన్ నడక 89 మి.మీ. కొలతల్లో పాతదానికి దీనికి తేడా పదమూడు సి.సి. మాత్రమే. బలం మాత్రం 55 హార్స్ పవర్‌కు పెరిగింది. ఊపిరి పీల్చుకునే దారి బాగుపడితే ఎంత తేడా వస్తుందో చూడండి.

ఈ ఇంజను గురించి నేను ఎంతైనా చెప్పగలను, సంపాదకులు పేజీలు ఇవ్వరు గాని. నిలువు నడక ఎక్కువ కనుక తక్కువ చుట్లలోనే లాగుతుంది. టాప్ గేరులో ఎడ్లబండి వెనక నెమ్మదిగా వెళ్ళి, దారి దొరకగానే గేరు మార్చకుండా ముందుకు పోవచ్చు. అప్పటి మన పెట్రోలు నాణ్యతకు తగ్గట్టు కంప్రెషన్ తక్కువ ఉంచారు కనుక ఏ ఊరి బంకులో ఏది పోసినా సర్దుకునేది. బ్యాటరీ దిగిపోతే ముందు హ్యాండిల్ పెట్టి తిప్పి స్టార్టు చేసేవాళ్ళం. ఎండాకాలం పెట్రోలు పైపులోనే ఆవిరై బండి ఆగిపోతే, డ్రైవరు పంపు మీద తడిగుడ్డ వేసి బీడీ ముట్టించేవాడు. బీడీ అయ్యేసరికి బండి బయలుదేరేది. (పెట్రోలు పంపు పక్కన బీడీ ఏమిటని ఇప్పుడు అడగకండి. అప్పుడు నేను కూడా చాలా తిట్టాను.) రేడియేటరు మరగడం, గాస్కెట్టు పోవడం, ఆయిలు కారడం దాని జబ్బులు. అన్నిటికీ మందు ప్రతి తాలూకా కేంద్రంలోను దొరికేది.

రీబోరింగు సంగతి కూడా చెబితేగాని తర్వాతి కథ అర్థం కాదు. సిలిండరు గోడలు అరిగి ఆయిలు తాగడం మొదలుపెడితే, బ్లాకును లేత్ షాపుకు పంపి బోరు పెద్దది చేయించి, ఆ సైజు పిస్టన్లు వేస్తాము. పది, ఇరవై, ముప్ఫై, నలభై అని సైజులు. ఒక్కొక్క సైజు అంటే అంగుళంలో వెయ్యో వంతుల లెక్క. నలభై కూడా అయిపోతే స్లీవు వేసి మళ్ళీ మొదటి సైజుకు తెచ్చుకోవచ్చు. అంటే బ్లాకు పగలకుండా చూసుకుంటే ఆ ఇంజనుకు చావు లేదు. ఈ కారు బాడీ మార్క్ టూ, 1975లో మార్క్ త్రీ, 1979లో మార్క్ ఫోర్ అని ముందు జల్లెడ, లైట్లు మార్చుకున్నా ఇంజను అదే కొనసాగడంలో లైసెన్సుల రాజ్యం పాత్ర ఉన్నది, కాదనను. పోటీ లేని చోట మార్పు ఎందుకు చేస్తారు? కాని మా గ్యారేజివైపు నుంచి చూస్తే, పదేళ్ళ కిందటి బండి విడిభాగం ఇవాళ్టి బండికి సరిపోవడం చిన్న సౌకర్యం కాదు.

ఇంగ్లండులో పాత ఆక్స్‌ఫర్డ్ కార్లను ముద్దుగా పెంచుకునేవాళ్ళు బలం చాలకపోతే ఎం.జి.బి. స్పోర్ట్స్ కారు ఇంజను వేసుకుంటారు. అది 1798 సి.సి. అదే బి-సిరీస్ కుటుంబంలో పెద్దన్న. కనుక పెద్ద తంటాలు లేకుండా కూర్చుంటుంది. మనకు ఆ అన్న దొరకలేదు. దొరికింది డీజిలు తమ్ముడు.

1973లో అరబ్బు దేశాల యుద్ధం తర్వాత పెట్రోలు ధర ఎలా పెరిగిందో మీకు గుర్తుండే ఉంటుంది. డీజిలు అంతకంటె చాలా చవక. 1980 ప్రాంతంలో అంబాసిడర్‌కు 1489 సి.సి. డీజిలు ఇంజను వచ్చింది. అదే బి-సిరీస్, అవే కొలతలు, కాని బలం 37 హార్స్ పవర్. మన దేశంలో తయారైన కార్లలో డీజిలుతో నడిచిన మొదటిది ఇదేనంటారు. టాక్సీవాళ్ళు కళ్ళకద్దుకున్నారు. మన గ్యారేజికి వచ్చిన మొదటి డీజిలు బండిని చూడడానికి అకౌంట్సు సెక్షను వాళ్ళు కూడా వచ్చారు. స్టార్టు చేస్తే బానెట్టు, అద్దాలు, లోపల కూర్చున్న ఆఫీసరుగారి కళ్ళజోడు అన్నీ వణికాయి. చలికాలం పొద్దున హీటర్ ప్లగ్గులు వేడెక్కేదాకా ఆగాలి, బ్యాటరీ బలంగా ఉండాలి, హ్యాండిల్ తిప్పి స్టార్టు చేసే ముచ్చట లేదు. కంప్రెషన్ పెట్రోలుదానికి దాదాపు మూడింతలు మరి. వణుకుకు సైలెన్సరు బిగింపులు తెగేవి, ఇంజను మౌంటింగు రబ్బర్లు నలిగిపోయేవి. అయినా ఖర్చు కలిసివచ్చింది కనుక అందరూ ఓర్చుకున్నారు.

తర్వాత 1980లలో అదే కంపెనీ కాంటెస్సా తెచ్చింది. ఇంగ్లండు వాక్స్‌హాల్ నమూనా. పొడుగు, వెడల్పు, లోపల సోఫా లాంటి సీట్లు. నిజంగా దొరల బండి. దానికి పెట్టినది మాత్రం మన పాత 1489 ఇంజనే! ఏనుగు అంబారీని ఎద్దు చేత మోయించినట్టే. కొన్నవాళ్ళు గోల పెట్టగా కొన్నేళ్ళకు జపాను ఇసుజు వారి 1817 సి.సి. పెట్రోలు ఇంజను, అయిదు గేర్ల బాక్సు దానికి వచ్చాయి. బండి రూపురేఖలు మారకుండా స్వభావం మారిపోయింది. ఇంజను మార్పు వల్ల నిజంగా బాగుపడిన బండి ఏది అంటే నేను కాంటెస్సా పేరే చెబుతాను. 1990ల మొదట్లో అదే ఇంజనును అంబాసిడర్‌కు కూడా ఇచ్చారు. 75 హార్స్ పవర్, కింద గేరు, ముందు విడివిడి సీట్లు. ముందు సీటులో ముగ్గురు కూర్చునే వైభవం అక్కడితో పోయింది. కొంతకాలానికి ఇసుజు రెండు లీటర్ల డీజిలు కూడా వచ్చింది. మా మనవడు అడుగుతున్నది ఈ 1800 పెట్రోలు ఇంజనే.

ఇక నా తప్పు సంగతి. ఇది ఇంతవరకు సంఘం మిత్రులెవరికీ చెప్పలేదు.

1990లో గల్ఫ్ గొడవ వచ్చి పెట్రోలు ధర మళ్ళీ పెరిగింది. ముగ్గురు పిల్లల చదువులు, ఒక్క జీతం. వేలంలో కొన్న నా మార్క్ టూ షెడ్డులో ఊరికే ఉంటోంది. విజయవాడ ఆటోనగర్‌లో అప్పట్లో ఇంజన్లు మార్చడం జోరుగా సాగేది. పాత వ్యాన్ల నుంచి తీసిన డీజిలు ఇంజన్లు వరసగా పేర్చి ఉండేవి. వాటిలో రెండు లీటర్లకు దగ్గరైనదాన్ని ఒకదాన్ని బేరమాడి తెచ్చాను. మన పెరట్లో వేపచెట్టు కొమ్మకు చైన్ పుల్లీ కట్టి పాతది దింపి కొత్తది ఎక్కించాను. మౌంటింగులు నేనే వెల్డింగు చేశాను. ప్రొపెల్లర్ షాఫ్టు పొడవు తగ్గించి బ్యాలెన్సు చేయించాను. రేడియేటరు పెద్దది పెట్టాను. మొదటి రోజు టాప్ గేరులో బండి లాగుతుంటే మీసం మెలేశాను, ఒప్పుకుంటాను.

అయితే ఆ ఇంజను బరువు పాతదానికంటె చాలా ఎక్కువ. ఇద్దరు మనుషులు ఎప్పుడూ బానెట్టు మీద కూర్చుని ఉన్నట్టు లెక్క. అంబాసిడర్ ముందు చక్రాలను మోసేవి టార్షన్ బార్లు. అవి కొద్ది నెలల్లోనే కుంగాయి. స్టీరింగు బరువెక్కింది. వాటిని బిగించి సరిచేశాను. బ్రేకులు మాత్రం పాతవే, నాలుగు చక్రాలకూ డ్రమ్ములే. "లైనర్లు కొత్తవి వేశాను కదా" అనుకున్నాను. గ్యారేజిలో ఏ కుర్రవాడైనా ఇలాంటి పని చేసి ఉంటే చార్జిమెమో ఇచ్చి ఉండేవాణ్ణి.

1992 వేసవిలో మా అమ్మను, మా ఆవిడను, పిల్లలను తీసుకుని తిరుపతి వెళ్ళాము. కొండ ఎక్కేటప్పుడు ఏ ఇబ్బందీ లేదు. మిగతా అంబాసిడర్లు రేడియేటర్లు మరిగి పక్కన ఆగి ఉంటే నేను దాటుకుంటూ పోయాను. దర్శనం బాగా అయింది. తిరిగి వచ్చేటప్పుడు దిగువ దారి, అంటే 1944లో వేసిన మొదటి ఘాటు రోడ్డు. పెట్రోలు ఇంజను యాక్సిలరేటరు వదిలితే బండిని వెనక్కి పట్టి ఉంచుతుంది. ఈ డీజిలు అంత పట్టలేదు. పట్టడం లేదని నేను బ్రేకు తొక్కుతూ వచ్చాను. సగం దిగేసరికి లైనర్లు కాలిన వాసన. ఇంకో రెండు మలుపులకు బ్రేకు ఆయిలు మరిగిపోయి పెడలు నేలకు అంటింది. మా అమ్మ వెనక సీటులో కళ్ళు మూసుకుని గోవింద నామం చెప్పుకుంటోంది. ఆమెకు సంగతి తెలియదు. రెండో గేరులోకి, చప్పుడు చేసుకుంటూ ఒకటో గేరులోకి దింపి, హ్యాండ్ బ్రేకు లాగి, ఎడమవైపు పిట్టగోడకు బండి పక్కను రాసుకుంటూ ఆపాను. తలుపులు రెండూ నొక్కుకుపోయాయి. ఎవరికీ దెబ్బ తగలలేదు. మా పెద్దవాడు అప్పుడు పదో తరగతి. దిగి నా ముఖం చూసి ఏమీ అడగలేదు.

ఇంటికి వచ్చిన వారంలోనే ఆ ఇంజను దింపేశాను. దానివల్ల నాకు మిగిలినది, నేను దానికి పెట్టినది లెక్క వేయలేదు. పాత 1489ను ముప్ఫై సైజుకు బోరింగు చేయించి మళ్ళీ ఎక్కించాను. మా అమ్మ ఆ తర్వాత చాలాకాలం బ్రతికింది గాని ఆ కారు మాత్రం ఎక్కలేదు. కారణం అడిగితే "నా బరువు కూడా ఎందుకురా దానికి" అనేది. ఆమెకు అంతా తెలుసునని నాకు అప్పుడు అర్థమైంది.

అందుకని ఇంజను పెంచుదామని ఎవరు వచ్చినా నేను ముందు బ్రేకుల గురించి అడుగుతాను. తర్వాత ముందు సస్పెన్షను, వెనక కమాను కట్టలు, క్లచ్చి, రేడియేటరు, ప్రొపెల్లర్ షాఫ్టు, వెనక యాక్సిలు పళ్ళ నిష్పత్తి. వీటన్నిటి తర్వాతే ఇంజను. ఆర్.సి. పుస్తకం సంగతి కూడా ఉన్నది. ఇంజను నంబరు మారితే రవాణా శాఖ అనుమతి తీసుకుని అందులో ఎక్కించుకోవాలి. మోటారు వాహనాల చట్టం 1988లో 52వ సెక్షను దీని గురించే. కంపెనీ ఇచ్చిన స్వరూపానికి విరుద్ధంగా బండిని మార్చరాదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో గట్టిగానే చెప్పింది. 1991లో నేను ఆ కాగితం పని రేపుమాపు అంటూ వాయిదా వేశాను. ఘాటులో జరగరానిది జరిగి ఉంటే ఇన్సూరెన్సువాళ్ళు పైసా ఇచ్చి ఉండేవారు కాదు.

మా మనవడు తెలివిగలవాడు, అది ఒప్పుకోవాలి. "తాతయ్యా, నువ్వు వేసింది వ్యాను ఇంజను. నేను అడిగేది అంబాసిడర్‌కే కంపెనీ ఇచ్చిన ఇంజను. ముందు చక్రాలకు డిస్కు బ్రేకులు కూడా వేయిస్తాను" అంటాడు. అందులో న్యాయం ఉన్నది. తర్వాతి కాలపు మార్క్ ఫోర్‌కో, నోవాకో వేస్తానంటే నేను కూడా సరే అనేవాణ్ణేమో. కాని 1960ల నాటి మార్క్ టూకు అయిదు గేర్ల బాక్సు వేయాలంటే స్టీరింగు దగ్గరి గేరు తీసేయాలి, నేల రేకు కోయాలి, ముందు బెంచి సీటు మార్చాలి. అప్పుడు మిగిలేది నేను వేలంలో పాడుకున్న బండి కాదు. పైగా ఉత్తరపారాలో తయారీ 2014 మే నెలలో ఆగిపోయింది. 2017లో అంబాసిడర్ అనే పేరునే ఫ్రాన్సు ప్యూజో కంపెనీకి 80 కోట్లకు అమ్మేశారు. 2023 ఏప్రిల్ నుంచి పదిహేనేళ్ళు దాటిన ప్రభుత్వ బండ్లను తుక్కు కింద వేయమన్నారు. అసలు ఇంజనుతో, అసలు గేరుతో ఉన్న బండ్లు ఇక ఎన్ని మిగులుతాయి?

అయితే పాతది పాతదిగానే ఉంచినా ఈ కాలపు పెట్రోలు దానికి సరిపడదు, అది కూడా చెప్పాలి. 2000 సంవత్సరం ఫిబ్రవరి నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలే. ఆ సీసమే పాత ఇంజన్ల ఎగ్జాస్టు వాల్వు సీట్లను కాపాడేది. అది లేకపోయేసరికి సీట్లు హెడ్డులోకి అరిగిపోతాయి, టాపెట్ సందు మూసుకుపోతుంది, కంప్రెషన్ పోతుంది. నా బండికి జరిగినదీ ఇదే. హెడ్డుకు గట్టి లోహపు సీట్లు దిగేయిస్తే ఆ బాధ తీరుతుంది. ఇప్పుడు పెట్రోలులో ఇథనాలు 20 శాతం కలుస్తోంది. అది పాత రబ్బరు పైపులను, పంపు డయాఫ్రమును పాడుచేస్తుంది, నీటిని పీలుస్తుంది. నెలల తరబడి కదపకుండా ఉంచే బండిలో ట్యాంకు తుప్పుపడుతుంది. పైపులన్నీ ఇథనాలు తట్టుకునే రకానివి వేయించి, బండిని వారానికి ఒకసారైనా బయటికి తీయాలి. మీలో ఎవరి దగ్గరైనా పాత పెట్రోలు బండి ఉంటే ఈ రెండు పనులు తప్పక చేయించండి. మన సంఘం మిత్రుడొకరి ప్రీమియర్ పద్మినికి కిందటి సంవత్సరం పైపు చీలి బానెట్టు కింద పెట్రోలు కారింది. సిగరెట్టు అలవాటు మానేసిన మనిషి గనుక బతికిపోయారు.

మొత్తానికి పదిహేను రోజుల కిందట మేమిద్దరం ఒక ఒప్పందానికి వచ్చాము. ఇంజను నాది, బ్రేకులు వాడివి. 1489 బ్లాకును ఆటోనగర్‌కు పంపాను. నలభై సైజుకు వెళ్ళకుండా స్లీవులు వేసి మొదటి సైజుకు తెమ్మన్నాను. హెడ్డుకు కొత్త సీట్లు. ముందు చక్రాలకు డిస్కులు ఈ మార్క్ టూకు అనుమతిస్తారో లేదో మా మనవడు రవాణా శాఖ కార్యాలయంలో కనుక్కుంటున్నాడు. నిన్న ఫోను చేసి "తాతయ్యా, బ్లాకు పగులు లేదు కదా?" అని అడిగాడు. లేత్ షాపువాళ్ళు నీళ్ళ ప్రెషర్ పెట్టి చూస్తున్నారు, సోమవారం చెబుతామన్నారు.